బయోస్ అప్‌డేట్ చేశాక తెర నల్లగా ఉండిపోయింది... నా ఆల్బమ్‌ల సంగతేంటి?

పశ్చిమ గోదావరి జిల్లాలోని ఒక చిన్న పట్టణం నుంచి వచ్చిన ఉత్తరం ఇది. రాసినావిడ పేరు వద్దన్నారు. వయసు 36. ఆరేళ్లుగా ఇంట్లోనే పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తున్నారు. మూడు స్టూడియోల వాళ్లు ఫోటోలు పంపిస్తే, ఈవిడ షీట్లు తయారు చేసి ఇస్తారు. షీటుకింత అని లెక్క. కంప్యూటర్ అసెంబుల్ చేయించినది. రైజెన్ 5 3600 ప్రాసెసర్, బీ450 బోర్డు, 16 జీబీ ర్యామ్. ఖర్చు కలిసొస్తుందని, 2012లో కొన్న పాత గ్రాఫిక్స్ కార్డునే ఇందులో పెట్టించుకున్నారు. విండోస్ ఒక ఎస్ఎస్‌డీలో ఉంది. ఫోటోలు, పీఎస్‌డీ ఫైళ్లు (ఫోటోషాప్‌లో చేసిన డిజైన్లు) అన్నీ 4 టీబీ హార్డ్‌డిస్క్‌లో ఉన్నాయి.

విండోస్ 10కి అప్‌డేట్లు ఆగిపోయాయని, 11కి వెళ్లాలంటే ముందు బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే బోర్డులో మొట్టమొదట నడిచే ప్రోగ్రామ్) అప్‌డేట్ చేయాలని స్టూడియో కుర్రాడు చెప్పాడట. ఈవిడ జాగ్రత్తగానే చేశారు. బోర్డు మోడల్ పేరు రెండుసార్లు సరిచూసుకుని, కంపెనీ సైటు నుంచే ఫైలు దించుకుని, యూపీఎస్ ఉండగా పని మొదలుపెట్టారు. నూరు శాతం పూర్తయింది, కంప్యూటర్ తనంతట తనే రీస్టార్ట్ అయింది. ఆ తర్వాత మానిటర్ మీద ‘నో సిగ్నల్’ తప్ప ఇంకేమీ లేదు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, లైట్లు వెలుగుతున్నాయి. పక్కింటి అబ్బాయి బ్యాటరీ తీసి పెట్టాడు, ఫలితం లేదు. కేబుల్‌ను బోర్డు వెనక ఉన్న పోర్టుకు మార్చి చూశాడు, అదీ లేదు. షాపులో చూపిస్తే “బయోస్ పోయింది, బోర్డు మార్చాలి, ఎనిమిదిన్నర వేలవుతుంది, సీపీయూ వారం రోజులు ఇక్కడే ఉంచండి” అన్నారు. ఈవిడ ఒప్పుకోక ఇంటికి తెచ్చేసుకున్నారు.

ఉత్తరం చివరి భాగం ఆవిడ మాటల్లోనే: “మూడు ఆల్బమ్‌లు చేతిలో ఉన్నాయి. ఒకటి పన్నెండు రోజుల్లో ఇవ్వాలి. పని చేస్తున్నదాన్ని ఎందుకు కెలికావని మా ఆయన ఒక్క మాట అంటారేమోనని, షాపువాళ్లు అడిగిన డబ్బు సంగతి ఇంకా చెప్పలేదు. కరెంటు సమస్య అనుకుంటున్నారు. రాత్రుళ్లు నిద్ర లేదు. బోర్డు మార్చేయనా? ఫోటోలు పోయినట్టేనా? షాపులో వదిలేస్తే ఆ పెళ్లికూతుళ్ల ఫోటోలు ఎవరు చూస్తారో అని ఇంకో భయం. అన్నట్టు, ఆన్ చేసినప్పుడు బోర్డు మీద మొదట ఒకట్రెండు చిన్న లైట్లు వెలిగి ఆరి, చివరికి వీజీఏ అని రాసి ఉన్న చోట తెల్ల లైటు ఆగిపోతోంది. దానికేమైనా అర్థం ఉందా?”

అమ్మా, ముందు మీ నిద్ర సంగతి. ఫోటోలు పోలేదు. బయోస్ అనేది బోర్డు మీద ఎనిమిది కాళ్లున్న చిన్న చిప్పులో ఉంటుంది. మీ ఫోటోలు ఉన్నది హార్డ్‌డిస్క్‌లో. అప్‌డేట్ రాసింది ఆ చిప్పు మీద, డిస్క్ జోలికి అది వెళ్లదు. బోర్డు నిజంగానే పాడైపోయినా ఆ డిస్క్ తీసి ఇంకో కంప్యూటర్‌కు తగిలిస్తే మీ ఫోల్డర్లన్నీ ఎలా పెట్టినవి అలాగే కనిపిస్తాయి. కాబట్టి మీ ముందున్నవి రెండు వేర్వేరు పనులు. ఒకటి మూడు ఆల్బమ్‌లు గడువు లోపు ఇవ్వడం. రెండోది మిషన్ బాగుచేసుకోవడం. మొదటిది రెండోదాని కోసం ఆగనక్కర్లేదు. ఈ రెండూ కలిసిపోయి ఒకే కొండలా కనబడుతున్నందుకే మీకింత భారంగా ఉంది.

ఇక మీరు చివర్లో ‘అన్నట్టు’ అని రాసిన ఆ తెల్ల లైటు. ఉత్తరం మొత్తంలో నాకు అన్నిటికంటే పనికొచ్చిన మాట అదే.

కంప్యూటర్ ఆన్ కాగానే బయోస్ ఒక వరుసలో అందరినీ పలకరిస్తుంది. ముందు ప్రాసెసర్, తర్వాత ర్యామ్, తర్వాత గ్రాఫిక్స్ కార్డు, చివరికి విండోస్ ఉన్న డిస్క్. బోర్డు మీద ఆ నాలుగు చిన్న లైట్లు అందుకే ఉన్నాయి. ఎక్కడ ఆగితే అక్కడ లైటు వెలిగి ఉంటుంది. మీది ప్రాసెసర్ దాటింది, ర్యామ్ దాటింది, వీజీఏ దగ్గర, అంటే గ్రాఫిక్స్ కార్డు దగ్గర ఆగింది. బయోస్ పూర్తిగా చెడిపోయి ఉంటే సాధారణంగా అంతదూరం నడవదు, ఎందుకంటే ఆ పలకరింపు చేసేదే బయోస్. పైగా అప్‌డేట్ నూరు శాతం పూర్తయి, తనంతట తనే రీస్టార్ట్ అయింది. మధ్యలో కరెంటు పోయిన కేసు కాదు, వేరే మోడల్ ఫైలు ఎక్కించిన కేసూ కాదు. అందుకే ‘బయోస్ పోయింది’ అన్న మాటను నేను ఇప్పుడే ఒప్పుకోలేను. బయోస్ బతికే ఉండి, మీ పాత గ్రాఫిక్స్ కార్డుతో మాట్లాడలేకపోతోందన్నది నా బలమైన అనుమానం.

ఎందుకో చెబుతాను. కొంచెం ఓపికగా చదవండి, ఎందుకంటే ఇది అర్థమైతే షాపులో మీరు ఏం అడగాలో మీకే తెలుస్తుంది. పాతకాలపు బయోస్ పద్ధతి పోయి ఇప్పుడు బోర్డులన్నిటిలో యూఈఎఫ్‌ఐ అనే కొత్త పద్ధతి వచ్చింది. పాత కార్డులు, పాత విండోస్ కూడా నడవాలని బోర్డుల్లో సీఎస్‌ఎం అనే ఒక సెట్టింగు ఉంచారు. కొత్త భాష రాని పాత కార్డుకు అది దుబాసీ లాంటిది. మీ కార్డు 2012 నాటిది. ఆ కాలపు కార్డుల్లో చాలావాటికి యూఈఎఫ్‌ఐ భాష రాదు, సీఎస్‌ఎం ఆన్‌లో ఉంటేనే బొమ్మ ఇస్తాయి. ఇన్నాళ్లూ మీ బోర్డులో అది ఆన్‌లో ఉంది, అందుకే అంతా సవ్యంగా నడిచింది. విండోస్ 11 వచ్చాక చాలా బోర్డు కంపెనీలు కొత్త బయోస్‌లలో సీఎస్‌ఎంను మొదటి నుంచే ఆఫ్‌లో పెట్టి ఇస్తున్నాయి, ఎందుకంటే విండోస్ 11 కోరే సెక్యూర్ బూట్‌కు (నమ్మకమైన ప్రోగ్రామ్‌తోనే కంప్యూటర్ లేచేలా చూసే రక్షణ) అది ఆఫ్‌లో ఉండాలి. బయోస్ అప్‌డేట్ చేస్తే పాత సెట్టింగులు చెరిగిపోయి కంపెనీ సెట్టింగులు వస్తాయి. అంటే దుబాసీ ఇంటికి వెళ్లిపోయాడు. కార్డు బాగానే ఉంది, బోర్డు బాగానే ఉంది, మధ్యలో మాట కలవడం లేదు.

పక్కింటి అబ్బాయి బ్యాటరీ తీసి పెట్టినా ఎందుకు ఫలితం లేదో ఇప్పుడు మీకే తెలిసి ఉంటుంది. బ్యాటరీ తీస్తే కంపెనీ సెట్టింగులు వస్తాయి. ఇక్కడ చిక్కు పెడుతున్నదే ఆ కంపెనీ సెట్టింగు. తెర రాకపోతే బ్యాటరీ తీయమని అందరూ చెప్పే సలహా చాలా సందర్భాల్లో మంచిదే, మీ సందర్భంలో మాత్రం అది తిరిగి అదే చోటికి తెస్తుంది. కేబుల్‌ను బోర్డు వెనక పోర్టుకు మార్చడం కూడా అంతే. రైజెన్ 5 3600 లోపల గ్రాఫిక్స్ ఉండదు. ఆ తరంలో చివర్లో జీ అన్న అక్షరం ఉన్న 3400జీ లాంటివాటికే ఉంటుంది. మీ బోర్డు వెనక హెచ్‌డీఎంఐ పోర్టు ఉన్నా దానికి బొమ్మ ఇచ్చేవాళ్లు ఎవరూ లేరు. ఆ అబ్బాయిది తప్పని కాదు, ఇంకో కంప్యూటర్‌లో అయితే అదే పని చేసి ఉండేది.

ఇంకో చిన్న అవకాశం కూడా ఉంది, దాన్ని ముందు చూసేయండి, ఎందుకంటే దానికి ఖర్చు లేదు. రైజెన్ బోర్డుల్లో బయోస్ మారాక ఒక్కోసారి ఎఫ్‌టీపీఎం (తాళం చెవుల్లాంటి రహస్యాలు దాచే భద్రతా భాగం) గురించి ఒక సందేశం వచ్చి, వై నొక్కుతారా, ఎన్ నొక్కుతారా అని అడిగి అలాగే ఆగిపోతుంది. తెర కనబడని మీకు అది అడుగుతోందని తెలియదు. కంప్యూటర్ ఆన్ చేసి మూడు నాలుగు నిమిషాలు ఆగి, ఎన్ అక్షరం ఒక్కసారి నొక్కి, ఇంకో రెండు మూడు నిమిషాలు చూడండి. వై మాత్రం నొక్కకండి. డిస్క్‌కు విండోస్‌లోని బిట్‌లాకర్ తాళం వేసి ఉంటే, వై నొక్కాక దాన్ని తెరవడానికి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అసెంబుల్ చేసి విండోస్ 10 వేసిన డెస్క్‌టాప్‌లలో ఆ తాళం మామూలుగా ఉండదు, అయినా తెలియకుండా వై నొక్కడం ఎందుకు? అదే సమయంలో కీబోర్డు మీద నమ్ లాక్ నొక్కి చూడండి. దాని లైటు వెలుగుతూ ఆరుతూ ఉంటే లోపల మిషన్ నడుస్తున్నట్టే. స్పందించకపోయినా కంగారు పడకండి, వీజీఏ దగ్గర ఆగిన బోర్డులు కొన్ని కీబోర్డును ఇంకా పలకరించవు.

అసలు పరీక్ష ఇది. 2015 తర్వాత వచ్చిన ఏదైనా గ్రాఫిక్స్ కార్డు ఒక్క గంట అరువు తెచ్చుకోండి. మీకు పని ఇచ్చే స్టూడియోల్లో ఎడిటింగ్ మిషన్లు ఉంటాయి కదా, వాళ్లనే అడగండి. వాళ్ల పెళ్లి ఆల్బమే మీ దగ్గర ఆగి ఉంది, కాదనరు. జీటీ 1030 లాంటి చిన్న కార్డయితే మరీ మంచిది, దానికి ఎస్ఎంపీఎస్ (లోపల కరెంటు ఇచ్చే డబ్బా) నుంచి విడిగా వైరు అక్కర్లేదు. ప్లగ్గు తీసేసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టి, క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి ముట్టుకుని అప్పుడు పని మొదలుపెట్టండి. పాత కార్డు స్క్రూ విప్పి, స్లాటు చివర ఉన్న చిన్న లాకును నొక్కి పట్టుకుని కార్డు పైకి లాగాలి. ఆ లాకు నొక్కకుండా లాగితే స్లాటు విరుగుతుంది, అక్కడ మాత్రం తొందరపడవద్దు. కొత్త కార్డు టక్ మనేదాకా కూర్చోబెట్టి, మానిటర్ కేబుల్ ఆ కార్డుకే పెట్టి ఆన్ చేయండి.

బొమ్మ వచ్చిందంటే మీ ఎనిమిదిన్నర వేలు మిగిలినట్టే. డిలీట్ కీ నొక్కుతూ బయోస్‌లోకి వెళ్లండి. బూట్ అన్న చోటో, అడ్వాన్స్‌డ్ అన్న చోటో సీఎస్‌ఎం కనిపిస్తుంది. కొన్ని బోర్డుల్లో దాన్నే లెగసీ ప్లస్ యూఈఎఫ్‌ఐ అని రాస్తారు. దాన్ని ఆన్ చేసి, ఎఫ్10 నొక్కి సేవ్ చేసి, కంప్యూటర్ ఆపేసి, మీ పాత కార్డు తిరిగి పెట్టండి. తర్వాత బ్యాటరీని మాత్రం ఎవరినీ తీయనివ్వకండి, తీస్తే కథ మళ్లీ మొదటికి వస్తుంది.

ఈ దారిలో ఒక గుంట ఉంది. అరువు కార్డుతో బొమ్మ వచ్చాక, సీఎస్‌ఎం ఆన్ చేయకముందు, ‘బూట్ డివైస్ దొరకలేదు’ అనో, డిస్క్ పెట్టమనో కనిపించవచ్చు. మీ విండోస్ పాత పద్ధతిలో వేసినదైతే అలాగే అంటుంది. అది చూసి విండోస్ మళ్లీ వేయాలని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. విండోస్ అక్కడే ఉంది, సీఎస్‌ఎం ఆన్ చేయగానే కనిపిస్తుంది. మా వీధిలో ఒకాయనకు సరిగ్గా ఇక్కడే జరిగింది. రెండు నిమిషాల సెట్టింగు మార్చాల్సిన చోట ఫార్మాట్ చేసి ఇచ్చారు, డెస్క్‌టాప్ మీద పెట్టుకున్న పాప బాల్యం ఫోటోలు పోయాయి. ఆయన ముఖం నాకు ఇంకా గుర్తుంది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

అరువు కార్డుతో కూడా బొమ్మ రాకపోతే, అప్పుడు షాపువాళ్లు చెప్పినది నిజమయ్యే అవకాశం పెరుగుతుంది. అప్పుడైనా బోర్డు మార్చడం మొదటి మందు కాదు. మీ బోర్డు వెనక, యూఎస్‌బీ పోర్టుల దగ్గర ఫ్లాష్ బయోస్ అని చిన్న బటన్ ఉందేమో చూడండి. ఎంఎస్ఐ వాళ్లు దాన్ని ఫ్లాష్ బయోస్ అంటారు, ఆసుస్ వాళ్లు బయోస్ ఫ్లాష్‌బ్యాక్ అంటారు, గిగాబైట్ వాళ్లు క్యూ-ఫ్లాష్ ప్లస్ అంటారు. పేరేదైనా పని ఒకటే. తెర లేకుండానే పెన్‌డ్రైవ్ నుంచి బయోస్‌ను మళ్లీ ఎక్కిస్తుంది. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఫార్మాట్ చేయాలి, ఫైలు పేరు కంపెనీ చెప్పినట్టు మార్చాలి, పెన్‌డ్రైవ్‌ను ఆ బటన్‌కు కేటాయించిన పోర్టులోనే పెట్టాలి. ఈ మూడింటిలో ఒక్కటి తప్పినా లైటు రెండు మూడుసార్లు మెరిసి ఆగిపోతుంది, చాలామంది అక్కడే బటన్ పని చేయడం లేదనుకుని వదిలేస్తారు. మీకు ఇంతకుముందు నడిచిన పాత వెర్షన్ ఫైలునే ఎక్కించండి. అయితే తక్కువ ధర బీ450 బోర్డుల్లో చాలావాటికి ఈ బటన్ ఉండదు.

బటన్ లేకపోతే, ఆ ఎనిమిది కాళ్ల చిప్పుకు క్లిప్పు తగిలించి ప్రోగ్రామర్ అనే పరికరంతో నేరుగా బయోస్ రాసేవాళ్లు ఉంటారు. ల్యాప్‌టాప్ బోర్డులు చిప్ లెవెల్‌లో బాగుచేసే మెకానిక్‌లు ఈ పని రోజూ చేస్తారు. మీ ఊళ్లో లేకపోయినా భీమవరం, రాజమండ్రి, విజయవాడ లాంటి చోట్ల వెతకండి. కొత్త బోర్డు ధరతో పోలిస్తే ఇది చాలా తక్కువలో అయ్యే పని. వాళ్లకు రెండు మాటలు చెప్పండి. రాసే ముందు చిప్పులో ఇప్పుడున్నది చదివి ఒక కాపీ ఉంచమనండి, అందులో మీ బోర్డుకు సొంతమైన నంబర్లు ఉంటాయి. రెండోది, చిప్పు ఎన్ని వోల్టులదో చూసుకోమనండి. రైజెన్ బోర్డుల్లో చాలావాటికి 1.8 వోల్టుల చిప్పు ఉంటుంది, మామూలు ప్రోగ్రామర్ 3.3 వోల్టులు ఇస్తుంది, మధ్యలో అడాప్టర్ లేకుండా తగిలిస్తే చిప్పు కాలిపోవచ్చు. తెలిసిన మెకానిక్ అయితే ఈ మాటలు విని నొచ్చుకోడు.

బయోస్ పోయిందంటే బోర్డే పోయిందనే భయం ఈ వృత్తిలో పాతది. 1999 ఏప్రిల్ 26న సీఐహెచ్ అనే వైరస్ లోకమంతా కంప్యూటర్ల డిస్క్‌లను చెరిపి, వీలైన చోట బయోస్ చిప్పులోనూ చెత్త రాసేసింది. అప్పట్లో చేతిలో ప్రోగ్రామర్ లేని మెకానిక్‌కు బోర్డు మార్చడం తప్ప దారి లేదు. ఇప్పుడు ఇన్ని దారులున్నాయి. మీకు బోర్డు మార్చమని చెప్పినాయన మోసం చేశాడని నేను అనను. పని రద్దీలో దగ్గరి దారి చెప్పి ఉంటాడు. కానీ బోర్డు మార్చితే ఏమవుతుందో చూడండి. కొత్త బోర్డు బయోస్‌లో కూడా సీఎస్‌ఎం ఆఫ్‌లోనే ఉండవచ్చు. దానికి మీ పాత కార్డే పెడితే అక్కడా ఇదే నల్ల తెర. అప్పుడు కార్డు పోయిందంటారు, కొత్త కార్డు కొనిపిస్తారు, బొమ్మ వస్తుంది, రెండూ పోయాయని మీరు నమ్ముతారు. అందుకే మళ్లీ షాపుకు వెళ్లాల్సి వస్తే ఒక్క ప్రశ్న అడగండి: “వేరే కొత్త గ్రాఫిక్స్ కార్డు పెట్టి చూశారా?” చూశామని, అప్పుడు కూడా రాలేదని చెబితే వాళ్ల మాటకు విలువ ఇవ్వండి. చూడలేదంటే మీ ముందే చూడమనండి.

ఫోటోల గురించిన మీ భయం సరైనదే, దాన్ని అతి జాగ్రత్త అని ఎవరైనా అంటే పట్టించుకోకండి. పెళ్లివారి ఇంటి ఆడపిల్లల ఫోటోలు మీ దగ్గర నమ్మకం మీద ఉన్నాయి. బయోస్ పనికి హార్డ్‌డిస్క్ అవసరం లేదు, ఎస్ఎస్‌డీ కూడా అవసరం లేదు. ఎక్కడికి పంపినా రెండూ విప్పి ఇంట్లో ఉంచుకునే పంపండి. డిస్క్ లేకపోతే పరీక్ష చేయలేమంటే, బయోస్ తెర వచ్చేదాకా చేసి ఇవ్వమనండి, మిగతాది ఇంట్లో చూసుకుంటానని చెప్పండి.

ఇక పన్నెండు రోజుల ఆల్బమ్. ఇది రేపే మొదలవ్వాలి. 4 టీబీ హార్డ్‌డిస్క్‌ను ల్యాప్‌టాప్‌కు కలపడానికి సాటా నుంచి యూఎస్‌బీకి మార్చే అడాప్టర్ కావాలి. కొనేటప్పుడు విడిగా కరెంటు అడాప్టర్ ఉన్నదే తీసుకోండి. పెద్ద హార్డ్‌డిస్క్‌కు 12 వోల్టులు కావాలి, అది యూఎస్‌బీ నుంచి రాదు. చిన్న కేబుల్ ఒక్కటే తెచ్చుకుంటే డిస్క్ తిరగదు, డిస్క్ కూడా పోయిందని ఇంకో రాత్రి నిద్ర పోగొట్టుకుంటారు. తగిలించగానే ఏదైనా ఫార్మాట్ చేయమని అడిగితే వద్దనండి. ముందుగా ఈ మూడు పెళ్లిళ్ల ఫోల్డర్లు వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. ఇన్ని పెళ్లిళ్లు ఒకే డిస్క్‌లో ఉండటం ఈ బయోస్ గొడవకంటే పెద్ద ప్రమాదం, దాన్ని ఈ సందర్భంలోనే సరిచేసుకోండి.

పని ఎక్కడ చేయాలన్నదానికి మీకు మూడు దారులు కనిపిస్తున్నాయి. ల్యాప్‌టాప్ అద్దెకు తెచ్చుకుంటే ఇంట్లోనే మీ వేళల్లో చేసుకోవచ్చు, కాకపోతే 16 జీబీ ర్యామ్ ఉన్నది దొరకాలి, లేకపోతే పెద్ద పీఎస్‌డీలు తెరిచేసరికి మీ ఓపిక అయిపోతుంది. స్టూడియోలోనే ఖాళీ ఉన్న మిషన్ మీద కూర్చుంటే ఖర్చు లేదు, కానీ ఇల్లు, పిల్లలు, రానుపోను సమయం ఉన్నాయి, వారం రోజులు అలా వీలవుతుందో మీరే చూసుకోవాలి. లేదా ఒక ఆల్బమ్‌ను మీకు తెలిసిన ఇంకో డిజైనర్‌కు ఇచ్చి, ఆ షీట్ల డబ్బు వాళ్లకు వదిలేయడం. డబ్బు కొంత పోతుంది, మాట నిలబడుతుంది. ఏది ఎంచుకున్నా స్టూడియోవాళ్లకు ఇవాళే ఫోన్ చేయండి. పన్నెండు రోజుల ముందు చెబితే వాళ్లు సర్దుకోగలరు. రెండు రోజుల ముందు చెబితే ఎంత మంచివాళ్లయినా సర్దుకోలేరు. అవతల పెళ్లివారికి వాళ్లు కూడా మాట ఇచ్చి ఉంటారు.

మీ ఆయన సంగతి. ఆయన నాకు తెలియదు, కాబట్టి ఆయన ఏమంటారో నేను చెప్పలేను. చెప్పకపోతే ఏమవుతుందో మాత్రం మీ ఉత్తరంలోనే కనిపిస్తోంది. అరువు కార్డు తేవాలన్నా, బోర్డు రాజమండ్రి పంపాలన్నా, ల్యాప్‌టాప్ అద్దెకు తేవాలన్నా ఇంకో మనిషి సాయం కావాలి. ఆయనకు తెలియకుండా ఇవన్నీ చేయాలంటే ప్రతి పనికీ ఒక అబద్ధం కావాలి. ఆ టెన్షన్‌తో షాపులో ఎనిమిదిన్నర వేలకు సరేననేస్తారేమోనని నా భయం. చెప్పేస్తే ఒక మాట పడవచ్చు. అప్పుడు ఈ సంగతి చెప్పండి: విండోస్ 10కి ఉచిత అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. ఊరివాళ్ల పెళ్లి ఫోటోలు పెట్టుకున్న మిషన్‌ను భద్రంగా ఉంచాలని చేసిన పని ఇది. మోడల్ పేరు రెండుసార్లు చూసుకుని, యూపీఎస్ పెట్టుకుని చేసిన పనిని కెలకడం అనరు. చేయని పని ఒక్కటే, అప్‌డేట్‌కు ముందు బయోస్ సెట్టింగుల పేజీలు ఫోన్‌తో ఫోటో తీసుకోవడం. అది మీకెవరూ చెప్పలేదు.

మిషన్ లేచాక విండోస్ 11 ఆశ ఏమవుతుందన్నది మిగిలింది. పాత కార్డు ఉన్నంతకాలం సీఎస్‌ఎం ఆన్‌లో ఉండాలి, అది ఆన్‌లో ఉంటే సెక్యూర్ బూట్ పెట్టలేరు. కాబట్టి ఆ కార్డుతో 11కి వెళ్లే దారి సాఫీగా ఉండదు. ఇప్పటికి విండోస్ 10 మీదే ఉండాలనుకుంటే, మైక్రోసాఫ్ట్ ఈఎస్‌యూ (పొడిగించిన భద్రతా అప్‌డేట్ల పథకం) కింద నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా అప్‌డేట్లు వస్తాయి. అకౌంట్‌తో సెట్టింగులు సింక్ చేసేవాళ్లకు ఉచితంగా కూడా ఇస్తున్నారు. లేదా ఆ ఎనిమిదిన్నర వేలలో కొంత పెట్టి, సెకండ్ హ్యాండ్‌లోనైనా సరే, 2015 తర్వాతి గ్రాఫిక్స్ కార్డు ఒకటి కొనుక్కోవచ్చు. మీ ప్రాసెసర్ విండోస్ 11కి సరిపోతుంది. అప్పుడు విండోస్ పాత పద్ధతిలో ఉంటే దాన్ని ఎంబీఆర్2జీపీటీ అనే మైక్రోసాఫ్ట్ సొంత టూల్‌తో, ఫైళ్లు పోకుండా, కొత్త పద్ధతికి మార్చి సీఎస్‌ఎం ఆఫ్ చేసుకోవచ్చు. అది కూడా బ్యాకప్ తీశాకే. నా మనసు రెండో దారి వైపే ఉంది, కానీ సీజన్ అయ్యేదాకా ఆగండి. చేతిలో ఆల్బమ్‌లు ఉండగా విండోస్ మార్చకండి.

ఇంకో చిన్న విషయం. మిషన్ లేచిన మొదటి రోజు ఫోటోషాప్ కొంచెం నెమ్మదిగా అనిపించవచ్చు. సెట్టింగులు చెరిగినప్పుడు ర్యామ్ వేగం కూడా తగ్గిపోతుంది. బయోస్‌లో ఎక్స్ఎంపీ అన్నది ఆన్ చేస్తే మునుపటి వేగం వస్తుంది. కొన్ని బోర్డుల్లో దానికి డీఓసీపీ అని పేరు.

అరువు కార్డు పెట్టి ఆన్ చేసినప్పుడు ఆ తెల్ల లైటు ఎక్కడ ఆగిందో చూసి నాకు మళ్లీ రాయండి. వీజీఏ దాటి బూట్ దగ్గరికి వచ్చిందా, వీజీఏ దగ్గరే ఉందా, లేక ఏ లైటూ లేకుండా పోయిందా అన్న ఒక్క ముక్క చాలు. మీ పాత కార్డు వెనక స్టిక్కరు కూడా ఒక ఫోటో తీసి పంపండి, దాని మోడల్ చూసి యూఈఎఫ్‌ఐ వస్తుందో రాదో చెప్పే ప్రయత్నం చేస్తాను.